నాలుగో గుంత

వసంత ఆదోని నుంచి వచ్చేసరికి ఎమ్మిగనూరులో వాళ్ళింట్లో పెదనాయన లక్ష్మప్ప నేసేటప్పుడు కాళ్ళు పెట్టుకునే కొత్త మగ్గం గుంత తవ్విస్తున్నాడు. ఇది నాలుగోది. తాత కాళ్ళు చచ్చుబడిపోతే మొదటిది పూడ్చారు. చిన్నాయన అయ్యన్నకు ముందు కాళ్ళు, తర్వాత చేతులు పడిపోయి, నిరుడు ఊపిరే ఆగిపోతే రెండోది పూడ్చారు. ఇప్పుడు మూడోదాంట్లో నాయన గిడ్డయ్య పాదం తొక్కుడు చెక్క మీద నిలవడం లేదు. తప్పంతా గుంతలో చెమ్మదట! నేలకు నోరు లేదు కాబట్టి ఎన్ని నిందలైనా మోస్తుంది.

ఆదోనిలో రక్తపరీక్షల ల్యాబులో పనిచేసే వసంతకు ఒళ్ళు మండిపోయింది. బెంగుళూరు డాక్టరు ఫోనులో చెప్పిన మాట చెవుల్లో గింగురుమంటోంది. ఇది వంశంలో వచ్చే నరాల జబ్బు కావచ్చు. ఫలానా జన్యువు చెడి వచ్చినదైతే దాని నోరు మూయించే మందు ఉంది. ముందు రక్తం పరీక్ష చేయాలి.

"నోరు మూయించేదంటే ఎట్లమ్మీ?" అన్నాడు గిడ్డయ్య.

"మన డిజైను కాగితం పెట్టెలో ఉంటాది గదా నాయనా. దాన్ని సూసి రంధ్రాలు కొట్టిన అట్టలే మగ్గం మీదికి పోతాయి. ఒంట్లోనూ అంతే. జన్యువు లోపలే ఉంటాది, దాని నకలు బయటికొస్తాది. ఆ నకలు సూసి ఒళ్ళు నేసే సరుకే నీ నరాలను తింటాంది. మందు ఆ నకలుకు ఎదురు ముక్క. రంధ్రానికి రంధ్రం సరిపోయి అతుక్కుంటాది. అతుక్కున్న నకలును ఒళ్ళే కత్తిరించి పారేస్తాది. అట్ట లేకుంటే నేత యాడిది?"

"మూలం అట్లనే ఉంటాది గదా?"

"ఉంటాది. అందుకే మందు మల్లా మల్లా ఎయ్యాల, ఎన్నుపూసలోకి సూదితో. వేరే జన్యువుదైతే ఈ ముక్క అతకదు. అందుకే పరీక్ష. పోయిన బలం తిరిగొస్తాదని సెప్పలేను నాయనా. ఉండేది జారిపోకుండా ఆపొచ్చు. మందు దొరికేదీ కష్టమే. ఎంత తొందరగా మొదలుపెడితే అంత మేలు."

"రక్తం మాట ఈ ఇంట్లో ఎత్తొద్దు!" లక్ష్మప్ప గద్దించాడు. "అయ్యన్నకు తీసినప్పుడే తెలిసె..." అని నాలుక కరుచుకున్నాడు.

"ఏం తెలిసె?" వసంత ఎదురుగా వచ్చి నిలబడింది.

లక్ష్మప్పకు చెప్పక తప్పలేదు. రెండేళ్ళ కిందట అయ్యన్న రిపోర్టు వచ్చింది. అందులో బెంగుళూరు డాక్టరు చెప్పిన ఆ జన్యువు పేరే ఉంది. అన్నదమ్ములందరూ పరీక్ష చేయించుకోవాలని డాక్టరు కింద రాసిచ్చాడు. లక్ష్మప్ప దాన్ని పొయ్యిలో పెట్టాడు.

"నీకూ నా కూతురు మంజుకూ సంబంధాలు సూస్తాంటిమి. ఈ సంగతి పొక్కితే ఈ ఇంటి పిల్లల్ని ఎవురు సేసుకుంటారు? మీ కోసమే సేసినా."

"నేనడిగినానా? నా పెండ్లి కోసం మా నాయన కాళ్ళు బలిచ్చినావా? తెలిసి తెలిసి గుంతలు తవ్విస్తాండావా?" వసంత గొంతు వీధి దాకా వినిపించింది. వినిపించనీ అనుకుంది. ఇన్నాళ్ళూ ఈ ఇంట్లో గుట్టు కాపాడినవాళ్ళు మనుషుల్ని కాపాడలేదు.

అన్న మాటకు ఏనాడూ ఎదురాడని గిడ్డయ్య గోడ పట్టుకుని లేచాడు. "రెండేండ్ల కిందట నేను ఉరుకుంద దాకా నడిచిపోయి దేవుణ్ణి సూసొస్తాంటి గదన్నా?"

గిడ్డయ్య గోడ పట్టుకునే అన్న వైపు ఒక అడుగు వేశాడు.

"కానీలే. నువ్వూ బెంగుళూరికి రా. నీ రక్తం కూడా సూపిద్దాం. నీకూ పిల్లలుండారు."

"నేను... అప్పుడే సూపించుకుంటి గిడ్డయ్యా," లక్ష్మప్ప గొణిగాడు. "నాకు లేదన్నారు."

గుంత తవ్వే మనిషి పార పక్కన పెట్టేశాడు. గిడ్డయ్య కూతురి భుజం మీద చెయ్యి వేశాడు.

"ఆటో పిలువమ్మీ," అన్నాడు. "ఈ ఇంట్లో ఇంక నీళ్ళు కూడా తాగను."