తొంభై తొమ్మిదికి కాపలా

సోమవారం మధ్యాహ్నం, మేం అన్నం గిన్నెలు విప్పుకునే వేళకు, మా రైసుమిల్లులో పనిచేసే ముఖేష్‌ను గోనెసంచుల్లో చుట్టి ట్రాలీ ఆటోలో పడేశారు. మా కళ్ల ముందే. సంచుల కిందినుంచి అతని కాళ్లు బయటికి వచ్చాయి. ఒక కాలికి చెప్పుంది, ఒక కాలికి లేదు. నెత్తురు ఆటో వెనక రేకు మీదుగా కారి ఊక మీద పడింది.

అంతకుముందు జరిగిందీ చూశాం. వడ్లను పైకెత్తే బెల్టులో గోనె పీలిక ఇరుక్కుంది. మిషన్ ఆపి తీయాలి. మేనేజర్ గోవర్ధన్ ఆపనివ్వలేదు. లారీలు లైన్లో ఉన్నాయట. నడిచే బెల్టులోనే చెయ్యి పెట్టి లాగమన్నాడు. బీహార్ నుంచి వచ్చిన మనిషి, మన భాష రాదు, ఎదురు చెప్పడం అంతకంటే రాదు. పెట్టాడు. బెల్టు చేతిని లాక్కుపోయింది. "బంద్ కరో! బంద్ కరో!" అని మిల్లంతా వినబడేలా అరిచాడు. ఎవరూ స్విచ్ దగ్గరికి పరుగెత్తలేదు. మేమూ పరుగెత్తలేదు. ఈ మాట దాచుకుంటే ఈ కథ చెప్పే హక్కు నాకు లేదు. స్విచ్ ముట్టుకుంటే పని పోతుందని మిల్లువాళ్లు భయపెట్టారు, మేం భయపడ్డాం.

నా పేరు ఉమారాణి. కోదాడలో డిగ్రీ చదివాను. ఆ డిగ్రీతో మిర్యాలగూడ రైసుమిల్లులో సంచులు కుడుతున్నాను. కాలేజీ గేటు దగ్గర నిలబడి ఇది చదివే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, నవ్వకండి. ఆ గేటుకూ ఈ గేటుకూ పెద్ద దూరం లేదు. పాలకీడు పక్కనున్న మా ఊరినుంచి రోజూ ముప్పై రెండు మంది ఆడవాళ్లం వ్యానులో కుక్కుకొని పనికి పోతాం. మా అందరికీ మేస్త్రి పద్మమ్మ. ఊళ్లో రేకుల ప్రార్థన మందిరానికి కూడా ఆమే పెద్ద దిక్కు.

మంగళవారం పొద్దున పద్మమ్మ మేనేజర్‌ను అడిగింది. "సారూ, ముఖేష్‌ను ఏ దవాఖానకు తీస్కపోయిన్రు?"

గోవర్ధన్ ఫోన్లోంచి తలెత్తలేదు. "ఏ దవాఖాన? చెయ్యికి జర గీసుకపోయింది. బ్యాగు సదురుకొని ఊరికి పోయిండు."

"మేం సూసినం సారూ. గీసుకపోలే, నలిగిపోయింది."

"నువ్వు డాక్టర్‌వా? పో, పని సూస్కో."

ముఖేష్‌కు నిండా పాతికేళ్లు లేవు. మాలో పుష్పాబాయికి తండాలో పెరగడం వల్ల హిందీ వచ్చు. ఆమె అతని భార్యకు ఫోన్ చేసింది. ఊరికి రాలేదంది ఆ పిల్ల. అతని ఫోన్ నిన్నటినుంచి మోగడం లేదంది. అతని చెప్పు ఇంకా బెల్టు కిందే ఉంది.

మొన్న ఆదివారం పాస్టర్ వినయ్ గారు మాకు తప్పిపోయిన గొర్రె కథ చెప్పారు. నూరు గొర్రెలున్న కాపరి, ఒక్కటి తప్పిపోతే తొంభై తొమ్మిదింటినీ వదిలి దాన్ని వెతుక్కుంటూ పోయాడు, భుజాన వేసుకొని సంతోషంగా తిరిగి వచ్చాడు. ఆ ఒక్కటీ దేవుడికి అంత విలువైనది అన్నారు. వెనక చాప మీద కూర్చున్న అచ్చయ్య మామ నవ్వాడు. అచ్చయ్య మామ గొర్రెలు కాసి కాసి, మందకు రోగమొచ్చి పోయాక, ఇప్పుడు మా మిల్లు గేటుకు వాచ్‌మన్. భార్య కోసం ప్రార్థనకు వస్తాడు గానీ మొక్కేది గొర్రెల కాపరుల దేవుడు లింగమంతుల స్వామికే. ఎందుకు నవ్వావని పాస్టర్ గారు అడిగితే "ఏం లేదు అయ్యగారూ, చెప్పుండ్రి" అని ఊరుకున్నాడు.

ఆ కథే మా బుర్రలో తిరుగుతోంది. పద్మమ్మ కొంగు నడుముకు చుట్టింది. "తప్పిపోయినోడు ఒక్కడే గావొచ్చు. దేవులాడకపోతే మనం ఆదివారం మోకాళ్లేసుడెందుకు? లెవ్వుండ్రి." ముప్పై రెండు మందిమీ లేచాం. మిల్లు ఖాళీ చేసి మిర్యాలగూడలో దవాఖానలన్నీ తిరిగాం. ఎక్కడా లేడు.

మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి మిల్లు నడుస్తోంది. నది అవతలి రాష్ట్రంనుంచి ఇరవై మంది ఆడవాళ్లను తెచ్చి మా పనిలో పెట్టారు. బెల్టు కింద నెత్తురు కడిగేశారు. చెప్పు లేదు. ముఖేష్ గది ఊడ్చి తాళం వేశారు. అతను ఈ లోకంలో ఉన్నాడనడానికి ఆ మిల్లులో గుర్తన్నదే మిగల్లేదు. మేం రోడ్డు మీద బిత్తరపోయి నిలబడ్డాం.

అచ్చయ్య మామ గేటు దాటి బయటికి వచ్చాడు. కోపంతో చేతిలోని కట్టెను నేలకేసి కొట్టాడు.

"ఏందే పద్మమ్మా, ముప్పై రెండు మందీ ఒక్క దిక్కే పోతరా?"

"ఒక్కదాని కోసం తొంభై తొమ్మిదింటిని ఇడిసిపోయిండు గద మామా ప్రభువు."

"గందుకే నవ్విన మొన్న. ఏ కాపరైనా మందను అడివిల ఇడిసిపోతడానే? తిరిగొచ్చేసరికి తోడేళ్లకు పండుగ. మేమేం జేస్తం? ఇద్దరు కాపర్లం మందలు కలుపుకొని తిరుగుతం. జీవం తప్పిపోతే ఒకడు దేవులాడపోతడు, ఒకడు కట్టె పట్టుకొని మందకాడ నిలవడతడు. మీ కథల గూడ రెండో కాపరి ఉండే ఉంటడు. ఆని పేరు చెప్పలే, గంతే."

మామ గొంతు తగ్గించాడు.

"నేను గూడ తప్పు జేసిన. నిన్నటిసంది నోరు కుట్టుకున్న. బ్యాగు పట్టుకొని నా గేటు దాటి ఎవ్వడూ పోలే. ట్రాలీ ఒక్కటే పోయింది. ఊర్లెకు గాదు, కోదాడ దిక్కు పోయింది."

"ఈ మాట పోలీసుల ముందల చెప్తవా మామా?" అని అడిగాను.

"చెప్త బిడ్డా. నౌకరీ పోతది, పోనీ. గొర్లే పోయినయ్, గిదెంత."

ఆ సాయంత్రం పద్మమ్మా నేనూ పాస్టర్ గారి ఇంటికి పోయాం. ఆయన ముఖం చిన్నబోయింది. మందిరం మీద రేకులు మిల్లు ఓనర్ వేయించినవి.

"ప్రార్థన చేద్దాం పద్మమ్మా. ఈ గొడవలు మనకెందుకు? రేపు రేకులు పీక్కపోతే ఎండల కూసుంటరా?"

"కూసుంటం అయ్యగారూ. దెబ్బలు తిని దారిల పడ్డోన్ని సూసి, మొగం తిప్పుకొని పోయిన యాజకుని కథ మాకు మీరే చెప్పిన్రు." అంతే అని లేచింది పద్మమ్మ. ఆయన గడపలో అలాగే నిలబడిపోయారు.

బుధవారం పొద్దున మాలో ఇరవై మంది గేటుకు అడ్డంగా కూర్చున్నారు. పన్నెండు మందిమి వెతకడానికి సిద్ధమయ్యాం. లారీలు హారన్లు కొడుతున్నాయి. గోవర్ధన్ ఊగిపోతూ వచ్చాడు.

"ఆడెవడే మీకు? మీ కులపోడా? మీ ఊరోడా? మీ దేవుణ్ణి మొక్కెటోడా?"

"మాతోని పనిజేసెటోడు," అంది పద్మమ్మ.

"లోపల మీ పని ఆగలే, సూసుకో. మీరు గాకపోతే ఇంకొకలు."

నిజమే, లోపల కొత్తవాళ్లు ఊడుస్తున్నారు. నేను గేటు సందులోంచి కేకేశాను. "అక్కా, మీకన్నా ముందు గాడ పనిజేసినాయన ఏమైండో ఎర్కనా?"

ఒకామె చీపురు పట్టుకొనే వచ్చింది. "మాకేం తెలుసండీ, పనుందంటే వచ్చాం." చెప్పాం. చెయ్యి సంగతి, గోనెసంచుల సంగతి, ఆపని మిషన్ సంగతి. ఆమె వెనక్కి తిరిగి చూసింది. "ఏ బెల్టండీ? ఆ చివర్దేనా? పొద్దున నన్ను దాని దగ్గరే పెట్టారు." తర్వాత చీపురు గోడకు ఆనించి, తనవాళ్లను పిలిచింది. పావుగంటలో ఇరవై మందీ బయటికి వచ్చి మావాళ్ల పక్కన కూర్చున్నారు. మిషన్ చప్పుడు ఆగింది. ఆ మిల్లు అంత నిశ్శబ్దంగా ఉండడం నేనెప్పుడూ వినలేదు.

అప్పుడే పాస్టర్ గారు ఎవరిదో పాత టాటా ఏస్ తోలుకుంటూ వచ్చి ఆపారు. మా కళ్లలోకి చూడలేదు. "ఎక్కుండ్రి" అన్నారు.

కోదాడ దవాఖానలో నర్సమ్మ మా మాట వినగానే లేచి నిలబడింది. సోమవారం హైవే పక్కన, రాష్ట్రం బార్డర్‌కు ఇవతల, గోనెసంచి కప్పి ఒక మనిషిని పారేసి పోయారట. టీ కొట్టాయన చూసి 108కి ఫోన్ చేశాడు. కట్టుకట్టి సూర్యాపేట పెద్ద దవాఖానకు పంపారు. "పేరు చెప్పడానికి గూడ స్పృహ లేదమ్మా," అంది. అదే బండిలో సూర్యాపేట పోయాం. బతికున్నాడా లేడా అని అందరి గుండెల్లోనూ అదొకటే.

బతికే ఉన్నాడు. కుడి చెయ్యి మోచేతి పైదాకా లేదు. మంచం దగ్గర కాగితం మీద 'గుర్తు తెలియని వ్యక్తి' అని రాసి ఉంది. పుష్పాబాయి వంగి అతని చెవి దగ్గర పేరు పెట్టి పిలిచింది. చాలాసేపటికి కళ్లు తెరిచాడు. పెదవులు కదిలాయి. ఏమన్నాడో ఆమె ఏడుస్తూ మాకు చెప్పింది.

"మిషన్ బంద్ అయిందా అని అడుగుతుండు."

ఆమె అతని మిగిలిన చేతిని రెండు చేతులతో పట్టుకుంది. "బంద్ అయింది తమ్మీ. మేమే బంద్ జేసినం." హిందీలో ఒకసారి, తెలుగులో ఒకసారి చెప్పింది. నేను వరండాలోకి పోయి గోడకు తల ఆనించి ఏడ్చాను. ఆ మాట సోమవారమే చెప్పగలిగి ఉండాల్సింది. పాస్టర్ గారు తానే పెన్ను అడిగి ఆ కాగితం మీద ముఖేష్ పేరు రాశారు. రాత్రికి అతని దగ్గర తాను ఉంటానన్నారు.

గురువారం పొద్దున మిర్యాలగూడ పోయి కంప్లెయింట్ ఇచ్చాం. సాక్షి అచ్చయ్య మామ. ట్రాలీ వెళ్లిన సమయం, వెళ్లిన దిక్కు, లోపలున్న మనుషులు, అన్నీ చెప్పి వేలిముద్ర వేశాడు. మధ్యాహ్నం మిల్లు గేటు దగ్గరికి జీపు వచ్చింది. గోవర్ధన్ కోసమనుకున్నాం. పోలీసులు దిగి అచ్చయ్య మామ రెక్క పట్టుకున్నారు. వడ్ల బస్తాలు దొంగిలించాడని మిల్లు కేసు పెట్టిందట.

"దొంగనా! నేనా!" అని ఒక్కసారే అరిచాడు. తర్వాత నిమ్మళించాడు. జీపు ఎక్కబోతూ చేతిలో కట్టెను పుష్పాబాయి వైపు విసిరాడు. "మంద పైలం," అని జాగ్రత్త చెప్పాడు.

జీపు మలుపు తిరగకముందే గోవర్ధన్ గేటు తెరిపించాడు. గొంతులో ఎక్కడలేని ప్రేమ. "సూడు పద్మమ్మా, ముఖేష్‌గానికి దవాఖాన మేం సూసుకుంటం. పాతోళ్లు, కొత్తోళ్లు, అందరూ పనిలకు రండి. ఏ ఒక్కల పనీ పోదు. ఆ ముసలోని సంగతి మాత్రం ఇడిసిపెట్టుండ్రి. ఒక్కడు. ఒక్కని కోసం ఇంతమంది ఎందుకు ఆగమైతరు?"

తెరిచిన గేటు ముందు యాభై రెండు మందిమి నిలబడ్డాం. ఎవరి ఇంట్లోనూ పొయ్యి మీదికి రేపటి బియ్యం నిండుగా లేవు. ఆ సంగతి అతనికి తెలుసు, మాకూ తెలుసు. పద్మమ్మ ముఖంలోకి చూసింది నది అవతలి అక్క.

పద్మమ్మ మా వైపు తిరిగింది.

"గేటుకాడ ఎవరుంటరు? స్టేషన్‌కు ఎవరొస్తరు?"

పుష్పాబాయి కట్టె నేల మీద ఊని, తెరిచిన గేటుకు అడ్డంగా కూర్చుంది. నది అవతలివాళ్లు ఆమె పక్కన కూర్చున్నారు. మిగిలిన మేం కొంగులు నడుముకు చుట్టుకొని స్టేషన్ దారి పట్టాం. వెనకనుంచి గోవర్ధన్ ఏదో అరుస్తున్నాడు. మిషన్ మాత్రం చప్పుడు చేయలేదు.