తెల్లారేసరికి కూలే వంతెన

కడిగిన గిన్నెలు బోర్లించి ఆమె చేతులు తుడుచుకునేసరికి, ఎవరో మంచినీళ్ళు తాగి గ్లాసు సింకులో పడేసి వెళ్ళారు. ఎవరో అనడం మర్యాదకే. ఇంట్లో ఉన్నది భర్తొక్కడే. ఇంటి పనికున్న గొప్ప గుణం అది. ఎంత చేసినా కనబడదు, చెయ్యకపోతే మాత్రం చుట్టాలందరికీ కనబడుతుంది.

అందుకే ఆమెకు ఆ ఆటంటే ప్రాణం. ఫోన్లో ఆడుకునే ఆట, గేముల కంపెనీలో భర్త రూపొందించిన మొదటిది. వరదకు పాడైన ఊరికి వంతెనలు కట్టాలి, దీపాలు వెలిగించాలి. ఒక్కసారి కొనుక్కుంటే ఆటంతా మనదే. "అంత చదువూ చదివి బొమ్మలాటలేమిటమ్మా" అని వచ్చినప్పుడల్లా అత్తగారు మూతి విరిచినా, మధ్యాహ్నం పొయ్యి మీద ఏదో ఉడుకుతుండగా వంటగట్టుకి ఆనుకుని కాసేపు ఆడేది. సాయంత్రాలు భర్త పక్కన చేరి, ఫోన్ వంక కాదు, ఆమె ముఖం వంకే చూసేవాడు. "ఎక్కడ విసుగొచ్చింది? ఎక్కడ ఆపబుద్ధి కాలేదు?" అని అడిగేవాడు. ఆమె విసుగు గురించి ఆరా తీసిన మనిషి ఈ లోకంలో అతనొక్కడే. పొంగిపోయి అడగనివి కూడా చెప్పేసేది.

"ఇందులో కట్టింది కట్టినట్టే ఉంటుంది. పొద్దున్న లేచి చూస్తే వంతెన అక్కడే ఉంటుంది. నా రోజులో ఇంకేదీ అలా మిగలదు" అంది ఒకసారి. అతను ఆమె చెయ్యి పట్టుకుని ఆ మాట మళ్ళీ చెప్పించుకున్నాడు. అది ప్రేమే అనుకుంది.

తర్వాత ఆటని ఉచితం చేశారు. పాత ఆట దానంతటదే కొత్తదిగా మారిపోయింది. ఆటలో ఊరి కబుర్లు చెప్పే ముసలి పడవవాడు ఇప్పుడు నోరు తెరిస్తే ఆఫర్లే. పాట మధ్యలో సబ్బు ప్రకటన. అన్నిటికీ మించి, కట్టిన వంతెన తెల్లారేసరికి కూలిపోయి ఉండేది. నిలబడాలంటే డబ్బు కట్టాలి.

"బంగారంలాంటి ఆటని ఇలా తగలేశారేమిటి?" అంది.

"పైవాళ్ళ నిర్ణయం. నా చేతుల్లో ఏముంది చెప్పు" అన్నాడు దిగులుగా. పాపం అనుకుని టీ పెట్టిచ్చింది.

ఆదివారం అతని ఆఫీసులో కొత్తగా చేరిన అమ్మాయి భోజనానికి వచ్చింది. అతను ఫోన్ మాట్లాడటానికి వరండాలోకి వెళ్ళగానే, ఆ పిల్ల కళ్ళింతలు చేసుకుని, "అక్కా, మా మీటింగుల్లో అంతా మీ గురించే తెలుసా" అంది.

"నా గురించా? వంట గురించేమో."

"కాదక్కా. వంతెన కూలడం సార్ ఐడియానే కదా. ఇంట్లో ఉండే ఆడవాళ్ళకి చేసిన పని నిలవదు, నిలబెట్టే అవకాశమిస్తే ఎంతైనా ఇస్తారు అన్నారు. మా ఆవిడే చెప్పింది అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. సార్‌కి ప్రమోషన్ కూడా దానికే."

ఆమె గరిటె తిప్పి వడ్డించింది. "ఇంకొంచెం పెట్టుకో అమ్మా, మొహమాటపడకు" అంది. మొహమాటం తనకెందుకు లేకపోయిందో, మనసులో ఉన్నదంతా ఎందుకలా వడ్డించేసిందో అనుకుంది. ఆ సాయంత్రాలన్నిట్లో అతను చూసింది తనని కాదు. తను ఎక్కడ విరుగుతుందో చూశాడు. అత్తగారే నయం, విరిచేది మూతి ఒక్కటే.

ఆ అమ్మాయి వెళ్ళాక అతను అలవాటుగా వచ్చి పక్కన కూర్చుని, ఇంకా విడుదల కాని కొత్త ఆట తెరిచి చేతికిచ్చాడు. ఆమె ఆడింది. రెండుచోట్ల ఒళ్ళు మండింది, ఒకచోట నిజంగానే గుండె కరిగింది. ముఖం మాత్రం చుట్టాల ఫొటోలో నిలబడ్డట్టు పెట్టుకుంది.

"ఎక్కడ విసుగొచ్చింది?" అన్నాడు ముందుకు వంగి.

"బాగుంది" అంది.

"బాగుందంటే? ఏమనిపించింది?"

"అదే, బాగుంది."

అతను ఇంకా చూస్తూనే ఉన్నాడు. చూడనిచ్చింది. ఆ సాయంత్రం మొదలుకొని ఆమె మనసులో ఏముందో ఆమె ఒక్కదానికే తెలుసు.