చాలని ఊపిరి

ఆ వీధిలో మందుల షాపాయన మాటకు తిరుగులేదు. డాక్టరు దగ్గరికి వెళ్లబోయేవాళ్లు కూడా ముందు ఆయన కౌంటరు దగ్గర ఆగేవారు. కాపురం షాపు పైనే. భార్య చీలమండ విరిగి పిండికట్టుతో మంచం పట్టినప్పుడు మందులన్నీ ఆయనే చూసుకున్నాడు.

కట్టు విప్పాక ఆమె పిక్క వాచింది. "ఇన్నాళ్లూ కదల్లేదుగా, అలాగే ఉంటుంది" అన్నాడు. వారం తిరక్కుండానే గాలి పీల్చినప్పుడల్లా పక్కటెముకల కింద పొడిచినట్టు నొప్పి మొదలైంది. వంటగదిలోంచి హాల్లోకి వస్తే చాలు, ఆయాసం.

"గ్యాసే. ఈ బిళ్ల చప్పరించు."

"గ్యాసైతే ఊపిరెందుకు ఆడదండీ?"

"షాపు నాదా, నీదా?"

ఆమె బిళ్ల చప్పరించింది.

మర్నాడు ఆడపడుచు వచ్చింది. దురుసు మనిషి, ఆవిడ వస్తోందంటేనే ఆమెకు గుండెల్లో రాయి పడేది. తలుపు తీస్తూనే ఆమె గుమ్మంలో కుప్పకూలింది. పెదాలు నీలంగా మారాయి. ఆడపడుచు అరుపులకు ఆయన కింద నుంచే, "నీరసం అయ్యుంటుంది, కాస్త పంచదార నీళ్లు పట్టు" అన్నాడు.

"నీ వైద్యం తగలెయ్య, అన్నయ్యా" అంటూ ఆవిడే ఆంబులెన్సు పిలిపించింది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ స్కాను చూపించింది. "కాలి రక్తనాళంలో గడ్డకట్టిన రక్తం తెగి ఊపిరితిత్తుల్లోకి పోయింది. గుండె కుడివైపు భాగమే అక్కడికి రక్తాన్ని నెట్టాలి. దారి మూసుకుపోయేసరికి నెట్టలేక ఉబ్బిపోయింది. కాలు వాచినప్పుడే ఎందుకు తీసుకురాలేదు?"



ఆమె బతికింది. కానీ గడ్డలు పూర్తిగా కరగలేదు. నెలలు గడిచినా మెట్లెక్కలేకపోయింది. షాపు వెనక గదిలో అట్టపెట్టెలు జరిపి ఆమెకు మంచం వేశారు. ఆయన పైనే పడుకునేవాడు.

ఒకరోజు గోడ అవతల నుంచి ఆయన గొంతు వినబడింది.

"చూడగానే కనిపెట్టేశాను. నేను కాబట్టి బతికించుకున్నాను. ఇంకొకడైతే గ్యాసనుకుని ఊరుకునేవాడు."

ఆమె లేచి, గోడ పట్టుకుంటూ కౌంటరు దాకా నడిచింది. అంత దూరానికే రొప్పు వచ్చింది. మందులు కొంటున్నవాళ్లు తలతిప్పి చూశారు. అడగాల్సిందంతా నాలుక చివరిదాకా వచ్చింది. మాటగా పైకి తేవడానికి ఊపిరి చాలలేదు.

"చూశారా, అప్పుడే ఎలా నడిచేస్తోందో" అన్నాడాయన మురిసిపోతూ. స్టూలు జరిపి, భుజం పట్టి కూర్చోబెట్టాడు.

కొనేవాళ్లు ఆయన్ని మెచ్చుకుని వెళ్లారు.