సంతకాలు కాని ఒప్పందం

ఇంటర్నెట్‌లో అమ్మే పెద్ద కంపెనీలు ఏ దేశంలో అమ్మితే ఆ దేశంలోనే పన్ను కట్టాలి. ఈ ఒక్క ముక్కకు వందకు పైగా దేశాలను ఒప్పించడానికి మయేల్ తొమ్మిదేళ్లుగా పారిస్‌లో చర్చల్లో కూర్చుంటోంది. ఆ మంగళవారం, అన్నిటికన్నా పెద్ద దేశం చర్చల నుంచి తప్పుకుంది.

కబురు తనే చెప్పాలని, మర్నాడు రైలెక్కి తమ్ముడుండే ఊరు కెంపేర్ వెళ్లింది. యాన్ తన పుస్తకాల కొట్టులో అరలు ఊడదీస్తున్నాడు.

"సంతకాలయ్యాయా అక్కా?"

"లేదురా. మిగతావాళ్లు వచ్చే ఏడాది మళ్లీ కూర్చుందామన్నారు."

"కూర్చోండి. ఆ కంపెనీలవాళ్లు పన్ను ఎగ్గొట్టి నా గిరాకీ లాక్కుంటారు. నాకు మాత్రం ఏటా పన్ను నోటీసు తప్పదు."

"ఇంకొక్క ఏడాది ఓపిక పట్టలేవా?"

యాన్ స్క్రూడ్రైవర్ కింద పెట్టాడు. "నాలుగేళ్లుగా అదే మాట. నిన్ను నమ్మి, కొట్టు నడపడానికి ఇల్లు తాకట్టు పెట్టాను. అప్పుడే మూసేసుంటే ఇల్లయినా మిగిలేది."

ఆ తాకట్టు సంగతి ఆమెకు ఇంతవరకూ తెలియదు.

"ఆ చివర పట్టుకో, బరువుగా ఉంటుంది," అన్నాడు యాన్.

ఇద్దరూ అరను ఎత్తి, వానలో తడుస్తూ బయట వ్యానులోకి చేర్చారు. లోపల ఇంకా పదకొండు అరలు ఉన్నాయి.