ఎంగిలి ముద్ద

నూకాలు నోటికి జాలారిపేటలో ఎదురులేదు. కూర్మన్నపాలెం క్వార్టర్ల మధ్య నిలబడి "సేపలో" అని ఒక్క కేక వేసిందంటే మూడో అంతస్తులో కునుకు తీస్తున్నవాళ్లు కూడా గిన్నె పట్టుకుని దిగిరావలసిందే. అమ్ముకునే మనిషికి ఆ మాత్రం గొంతుండాలి, తప్పులేదు. కానీ చేపల తట్టను గుమ్మం బయట దించినట్టు ఆ నోటిని కూడా దించి ఇంట్లోకి వెళ్లడం ఆమెకు ఏనాడూ చేతకాలేదు. దానికి బలైపోయింది మాత్రం నూకాలు కాదు, ఆమె తమ్ముడి పెళ్లాం సూర్యకళ.

మొగుడు పోయాక నూకాలు కొడుకు చింటూని చంకనేసుకుని పుట్టింటికి వచ్చేసింది. ఇంట్లో తల్లి ముసలమ్మ, తమ్ముడు సింహాద్రి, అతని భార్య. సింహాద్రి మరబోటు మీద వేటకు పోతే వారాల తరబడి రాడు. నూకాలు చీకటితోనే హార్బరుకు పోయి చేపలు కొని, బస్సెక్కి స్టీలుప్లాంటు వైపు పోయి, పొద్దువాలాక వచ్చేది. అంతవరకూ చింటూ సూర్యకళ దగ్గరే. రెండేళ్ల వెధవకి కవ్వ చేపల కూరంటే ప్రాణం. కవ్వలకేమో ఒళ్లంతా ముళ్లే. "సేత్తో సూత్తే తెల్దే, నోట్లో పెట్టుకుని ముల్లు సూసి పెట్టు" అని నేర్పింది నూకాలే. సూర్యకళ అలాగే చేసేది. ముద్ద నోట్లో పెట్టుకుని, నాలుకతో ముళ్లు ఏరి, వాడికి పెట్టేది. వాడు సగం నమిలి అత్త అరచేతిలో ఉమ్మేసేవాడు. అన్నం పారబోయడానికి మనసొప్పక ఆ సగం తను తినేసేది. పేటలో ఏ ఇంట్లోనైనా జరిగేదే కాబట్టి ఎవరూ వింతగా చూడలేదు. అప్పటికి ఆమెకు మూడో నెల.

ఆడపిల్ల పుట్టింది. పేరు హరిచందన అని ముందే అనుకున్నారు. పిల్ల పచ్చగా కామెర్లతో, ఒంటినిండా ఎర్రటి చుక్కలతో, గుప్పెడంత తలతో పుట్టింది. ఆసుపత్రిలో అద్దాల పెట్టెలో పెట్టారు. రక్తం తీసి పరీక్షకు పంపారు. ఫలితం వచ్చిన రోజు లేడీ డాక్టరు సూర్యకళను పిలిచింది. తోడుగా నూకాలు వెళ్లింది.

"సైటోమెగలో అని ఒక వైరస్. సి.ఎం.వి. అంటాం. గర్భంలో ఉండగా తల్లి నుంచి బిడ్డకు వచ్చింది. ఉమ్ములో, మూత్రంలో, రక్తంలో ఉంటుంది. ఆడా మగా కలయిక వల్ల కూడా రావచ్చు" అంటోంది డాక్టరు.

అంతవరకు విని నూకాలు లేచి వచ్చేసింది. గేటు దగ్గర తట్టలో చేపలు ఎండకు మెత్తబడిపోతున్నాయి. డాక్టరమ్మ చెప్పిన నాలుగింటిలో మూడు దారిలోనే రాలిపోయాయి. చివరిది మాత్రం పదిలంగా పేట దాకా వచ్చింది.

మరునాడు కుళాయి దగ్గర బిందె నిండేలోపే అనేసింది. "మా తమ్ముడు నెల్లో సగం రోజులు సముద్రం మీదే ఉంటాడు. ఇంట్లో దీనికా రోగం ఎలాగొచ్చిందో ఏటో, అమ్మోరికే తెలియాల."

ఇంకేముంది. సాయంత్రానికి ఆ మాటకు కాళ్లూ చేతులూ మొలిచాయి. వేట నుంచి వచ్చిన సింహాద్రి ఇల్లు చేరకముందే ఒడ్డునే విన్నాడు. పెళ్లాన్ని ఒక్క ముక్క అడగలేదు. ఇంట్లో అన్నం ముట్టలేదు. బోటు మీదే పడుకునేవాడు. తిట్టి కొట్టినా ఆమె ఓర్చుకునేదేమో గానీ, ఆ మొహం చూడకపోవడాన్ని ఓర్చుకోలేకపోయింది. పిల్లను ఒళ్లో వేసుకుని మంగమారిపేటలో పుట్టింటికి వెళ్లిపోయింది. వెళ్లేటప్పుడు కూడా నోరు విప్పలేదు. తప్పుంది కాబట్టే నోరు లేవలేదని నూకాలు తీర్పు చెప్పేసింది.

ఏడాది దాటింది. పిల్లకు చెవులు వినపడవట, పక్కన పళ్లెం పడేసినా తిరిగి చూడదట అని కబురొచ్చింది. ముసలమ్మ ఏడ్చింది. సింహాద్రి వల భుజాన వేసుకుని బయటికి పోయాడు.

ఒక ఆదివారం కూర్మన్నపాలెంలో నూకాలు అనూరాధ గారి వరండాలో కూచుని కానాగంత చేపలు కోస్తోంది. వాళ్లది భీమవరం వైపు, ఆయనకు ప్లాంటులో ఉద్యోగం. మొదటి కాన్పు పోయి, అనూరాధ మళ్లీ నెల తప్పింది. ఆడపడుచు కూతురు, పట్టుమని రెండేళ్లు లేనిది, తను కొరికిన బిస్కెట్టు తెచ్చి అనూరాధ నోటికి పెట్టబోయింది. ఆమె మొహం పక్కకు తిప్పుకుని పిల్ల నుదుటి మీద ముద్దుపెట్టి పంపేసింది.

"పసిగుంట ఎంగిలికి అసయ్యమేటమ్మా" అని నూకాలు ఎకసెక్కెమాడింది.

"అసహ్యం కాదు నూకాలూ, డాక్టరుగారు వద్దన్నారు. సి.ఎం.వి. అని ఏదో వైరస్సంట. చిన్నపిల్లల ఉమ్ములో, ఉచ్చలో ఎక్కువుంటుందంట. వాళ్లకేం కాదు, మహా అయితే జలుబు చేసినట్టుంటుంది. మనలో చాలామందికి ఎప్పుడో వచ్చి ఒంట్లోనే పడి ఉంటుందంట. నాకు ఇంకా రాలేదని రక్తం పరీక్షలో తేలింది. ఇప్పుడు కొత్తగా వస్తే కడుపులో బిడ్డకి ప్రమాదమన్నారు. చెవుడు కూడా రావచ్చంట."

నూకాలు చేతిలో కత్తి ఆగిపోయింది. "అది మొగోళ్ల వల్ల కదమ్మా వత్తాది?"

"అలా కూడా రావచ్చంట. కానీ ఇంట్లో పసిపిల్లలుంటే ఎక్కువ వాళ్ల నుంచేనంట. వాళ్ల పళ్లెంలోది తినొద్దు, ముక్కు తుడిస్తే చేతులు కడుక్కో అని మరీ మరీ చెప్పారు."

నూకాలు కళ్లముందు సూర్యకళ అరచెయ్యి కదిలింది. అందులో చింటూ ఉమ్మిన సగం ముద్ద. ముల్లు చూసి పెట్టమన్న తన మాటా వినిపించింది. సగం చేపలు కోయకుండానే లేచి, డబ్బులు కూడా అడక్కుండా మెట్లు దిగింది. దారిలో ఎవరో "ఏం తెచ్చావమ్మా" అని అడిగితే వినిపించుకోకుండా నడిచింది. సిగ్గుతో చచ్చిపోయింది. తట్ట కింద తల దాచుకునే వీలుంటే బాగుండునని అనుకుంది.

ఇంటికి పోకుండా తిన్నగా మంగమారిపేట బస్సెక్కింది. సూర్యకళ ఇసుకలో చేపలు ఎండబెడుతోంది. పక్కన గోనెపట్టా మీద పిల్ల కూచుని గవ్వలు నోట్లో పెట్టుకుంటోంది. నూకాలు "సందనా" అని పిలిచింది. మళ్లీ పిలిచింది. పిల్ల తల ఎత్తలేదు. వీధుల్ని మేల్కొలిపే ఆ గొంతు ఆ పిల్ల వీపు వెనక ఉట్టిదైపోయింది.

వచ్చిన సంగతి ఏడుస్తూ చెప్పింది నూకాలు. సూర్యకళ చేపలు తిరగేస్తూనే అంతా విన్నది.

"నాకు తెల్సు వొదినా. ఆ దినం నువ్వెల్లిపోయాక డాక్టరమ్మ అడిగింది, ఇంట్లో పసిగుంటలున్నారా, ఆళ్ల ఎంగిలి తిన్నావా అని. అన్నీ సెప్పింది. ఎవరి తప్పూ లేదు, ఎవులికీ తెలీకుండానే అయిపోద్దంది."

"మరెందుకు సెప్పలేదే? పేట పేటంతా అంత మాట అంతంటే నోరు మూసుకున్నావేటి?"

"ఎలగ సెప్పమంతావు? సింటూగాడి ఎంగిలి వల్ల ఈ పిల్లకి సెవుడొచ్చిందని తెలిత్తే, ఆడు పెద్దోడయ్యేదాకా పేటలో అదే మాటంతారు. పసోడు, ఆడికేటి తెల్సు. నాకంటావా, నాను పెద్దదాన్ని, ఓర్సుకుంతాను." సూర్యకళ చెయ్యి ఆగింది. "మీ తమ్ముడొక్కడికైతే సెప్పుదును. ఆయన అడగనేలేదు కదా."

నూకాలు కాళ్ల మీద పడబోతే సూర్యకళ వెనక్కి జరిగింది.

"నా కాల్లెందుకు వొదినా. పేటలో నువ్వన్నది అబద్దమని సెప్పు సాలు. సింటూ పేరు మాత్రం ఎత్తకు."

బస్సులో తిరిగొస్తుంటే నూకాలుకు ఆ మాట బరువు తెలిసింది. కొడుకు పేరు చెబితే ఎంతో కొంత చాటుంటుంది. తెలీక అన్నాననొచ్చు, రోగం సంగతి ఇలాగట అని నలుగురికీ వివరంగా చెప్పి పెద్దమనిషి అనిపించుకోవచ్చు. పేరు ఎత్తకపోతే ఆమె ఉత్త అబద్ధాలకోరు. తన కొడుకు మీద మాట రాకుండా ఏడాదిగా ఆ నింద మోసిన మనిషిని గురించి తను ఏమేం వాగిందో తలుచుకుంటే, కిటికీ బయటికి చూడడానికి కూడా మొహం చెల్లలేదు.

సింహాద్రి తోటివాళ్లతో కలిసి ఒడ్డున వల బాగుచేస్తున్నాడు. నూకాలు అతని ఎదుట నిలబడింది.

"తమ్ముడా, సూర్యకళ మీద నానన్న మాట అబద్దం. దాని మీద ఏ తప్పూ లేదు."

చేతులన్నీ ఆగిపోయాయి. సింహాద్రి తల ఎత్తాడు. "మరి పిల్లకి ఎలాగొచ్చింది?"

జవాబు నాలుక చివరనే ఉంది. నూకాలు మింగేసింది.

"నాకు తెల్దు."

"తెల్కుండా ఎందుకన్నావే అక్కా? నా ఇల్లు కూల్సీసేవు కదే."

ఈ ప్రశ్న ఆమెను ఇంతవరకూ ఎవరూ అడగలేదు. తనను తాను కూడా అడగలేదు. చుట్టూ అంతమంది మగాళ్లు.

"నాను సేపలమ్ముకుని ఇంటికొత్తే సింటూగాడు నా దగ్గరికి వొచ్చీవోడు కాదు. కంపు అనీవోడు. దాని సంక దిగీవోడు కాదు, దాన్నే అమ్మా అనీవోడు. అది సూడలేక అనీసేను."

ఎవరూ నవ్వలేదు, తిట్టలేదు. సింహాద్రి చేతిలో దారం తెంపేసి లేచాడు. లుంగీకి అంటిన ఇసుక దులుపుకున్నాడు. "నాను విని నమ్మీసేను కదా" అన్నాడు, ఎవరితోనో కాదు, తనతోనే. అక్క వైపు చూడకుండా మంగమారిపేట బస్సు ఆగే వైపు నడిచాడు. నూకాలు ఆ మగాళ్ల మధ్య తల ఎత్తలేక, కూచోలేక, ముందున్న వలను చూస్తూ అలాగే నిలబడిపోయింది.