అడ్డం నిలబడే మనిషి

నౌఫెల్ ఎడమ చీలమండకి పట్టీ చుట్టడం అయిపోయింది. కుడి కాలు కుర్చీ మీదికి ఎత్తాడు. మడమ కింద నుంచి మూడు చుట్లు, పైన అడ్డంగా రెండు, చివర పళ్ళతో ఒక చింపు. పదహారేళ్ళ అలవాటు కాబట్టి చేతులు వాటి పని అవి చేసుకుపోతుంటే కళ్ళు కిటికీ అవతల నారింజ చెట్ల మీద ఉన్నాయి. క్లబ్బులో ఫిజియో ఉన్నాడు గానీ వాడు చుట్టే పట్టీ నౌఫెల్‌కి నచ్చదు. ముప్పయ్యారేళ్ళ మోకాళ్ళు మాట వినాలంటే రోజూ నలభై నిమిషాలు బతిమాలాలి. అంత తీరిక ఫిజియోకి ఎక్కడిది?

రెండు మీటర్ల మనిషి. ఆడిన క్లబ్బులు తొమ్మిది. ఈ నబూల్ ఊరి క్లబ్బు తొమ్మిదోది. బాస్కెట్‌బాల్‌లో అతని పని బుట్టలో బంతి వేయడం కాదు, వేసేవాడికి దారి చేసిపెట్టడం. గురికాడు పరుగెత్తుకొస్తాడు. వాణ్ణి తరుముకొచ్చేవాడికి నౌఫెల్ అడ్డంగా నిలబడతాడు. తరిమేవాడు వచ్చి ఇతని ఛాతీకి గుద్దుకుంటాడు. ఆ అరక్షణంలో గురికాడు బంతి వేసేస్తాడు. చప్పట్లు వాడికి. ఇన్నేళ్ళు ఇంతమంది వచ్చి గుద్దుకున్నా కదలకుండా నిలబడినందుకు ఒక్క ప్రాణీ అతని సంతకం అడగలేదు. జాతీయ జట్టు శిబిరానికి ఒకసారి పిలిచారు. మూడో రోజున ఇంకా పొడుగైనవాడు దొరికాడని పంపించేశారు. అప్పుడు బాగా ఏడ్చాడు. ఆ తర్వాత ఇలాంటి వాటికి ఏడవడం మానేశాడు.

"ఇవాళ గెలుస్తారా నాన్నా?" అంది షిరాజ్. పదకొండేళ్ళ పిల్ల. బల్ల మీద లెక్కల పుస్తకం పరుచుకుని కూర్చుంది.

"చూద్దాం. బిజెర్తా వాళ్ళు గట్టివాళ్ళు."

"గెలిస్తే ఎంత, ఓడితే ఎంత. ఇక్కడే ఉంటాం కదా?"

"ఉంటాం అన్నాను కదే."

"కైరవాన్‌లో ఉన్నప్పుడు కూడా అన్నావు."

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. అతని భార్య రఫీకా కూడా జవాబు వింటోందన్నమాట. షిరాజ్‌కి ఇది అయిదో బడి. జూన్‌లో ఆరో తరగతి పెద్ద పరీక్ష ఉంది. అందులో ముందు వరసలో వస్తే మంచి బడిలో చోటు దొరుకుతుంది. మధ్యలో ఊరు మారితే అంతా నీళ్ళపాలే.

"పరీక్ష అయ్యేదాకా ఇక్కడే," అన్నాడు నౌఫెల్.

ఆ మాట అతని చేతిలో లేదు. ఇవాళ సాయంత్రం ఆరింటికి క్లబ్బుల మధ్య ఆటగాళ్ళ మార్పిడి గడువు ముగుస్తుంది. అధ్యక్షుడు నౌఫెల్ చోటుకి మరొకణ్ణి చూసి పెట్టాడని క్లబ్బులో అందరికీ తెలుసు. కోచ్ ముఖ్తార్ వయసులో నౌఫెల్ కంటే చిన్నవాడు. బుధవారం సాధన అయ్యాక పక్కకి పిలిచి, "శనివారం తప్పు లేకుండా ఆడన్నా, మిగతాది నేను మాట్లాడతా," అన్నాడు. నౌఫెల్ సరేనన్నాడు. నలుగురు కోచ్‌ల నోట నాలుగుసార్లు విన్న మాటే అది.

హాలులో చలి. గోడల దగ్గర తడి వాసన. జనం పొద్దుతిరుగుడు గింజలు కొరికి పొట్టు కింద ఉమ్ముతున్నారు. అవతలి బెంచీ దగ్గర తెల్ల మీసాల బెషీర్ నిలబడి ఉన్నాడు. నౌఫెల్ బిజెర్తాకి మూడేళ్ళు ఆడినప్పుడు ఈయనే కోచ్. తొమ్మిది క్లబ్బుల్లోనూ నౌఫెల్‌ని నిజంగా ఇష్టపడిన కోచ్ ఈయనొక్కడే.

"ఏరా ఒంటె! మోకాళ్ళు బతికే ఉన్నాయా?"

"నాకంటే బాగానే ఉన్నాయి మాస్టారూ."

ఆట మొదలైంది. నౌఫెల్ బాగా ఆడాడు. పొగడ్త కాదు, ఉన్నమాట. పట్టాల్సిన బంతులు పట్టాడు, నిలబడాల్సిన చోట నిలబడ్డాడు, ఒక్క అనవసరపు తప్పు లేదు. నాలుగో భాగంలో రెండు పాయింట్లు కూడా వేశాడు. ముఖ్తార్ అతన్ని దింపకుండా ఆడిస్తూనే ఉన్నాడు.

ఆట ముగియడానికి ఇరవై సెకన్లుండగా నబూల్ ఒక పాయింటు ముందుంది. బంతి బిజెర్తా వాళ్ళది. బెషీర్ పిడికిలి పైకెత్తి, గొంతు చించుకుని అరిచాడు.

"నీలం!"

బిజెర్తాలో మూడేళ్ళపాటు, రోజుకి నలభైసార్లు, నౌఫెల్ ఆ ఎత్తుగడ కేకకి పరుగెత్తాడు. ఇప్పుడూ పరుగెత్తాడు. బుట్ట కింద తను కాయాల్సిన చోటు వదిలేసి ఎడమ మూలకి వెళ్ళాడు. వెనక్కి తిరిగి, కాళ్ళు వెడల్పు చేసి, చేతులు ఛాతీకి అడ్డం పెట్టుకుని నిలబడ్డాడు. ఆ పని చేయాల్సిన బిజెర్తా ఆటగాడు వచ్చి చూస్తే చోటు ఖాళీ లేదు. పాపం, నోరు తెరుచుకుని ఆగిపోయాడు. బిజెర్తా గురికాడు నౌఫెల్ భుజాన్ని రాసుకుంటూ దూసుకుపోయాడు. వాణ్ణి తరుముతున్న నబూల్ ఆటగాడు నేరుగా వచ్చి సొంత జట్టువాడి ఛాతీకి గుద్దుకుని వెల్లకిలా పడ్డాడు. బంతి బుట్టలో పడింది.

నబూల్ ఓడిపోయింది. జనంలో ఎవడో నవ్వాడు. అంతే, ఇక ఆగలేదు.

"ఒరే, కిందకి చూసుకోరా! ఏ చొక్కా వేసుకున్నావో!"

"బస్సు బయటుందిరా, బిజెర్తా వాళ్ళతో ఎక్కేయ్!"

నౌఫెల్ నిజంగానే చొక్కా కేసి చూసుకున్నాడు. దాంతో జనం ఇంకా నవ్వారు.

ఆట ముగిశాక బెషీర్ మైదానం దాటుకుని వచ్చాడు. ఆయన ముఖంలో గెలిచిన కళ లేదు.

"నిన్ను ముంచుదామని అరవలేదురా. నువ్వు అటువైపున్నావన్న సంగతే నాకు తట్టలేదు."

"నాకూ తట్టలేదు మాస్టారూ."

ముసలాయన వెళ్ళబోయి ఆగాడు. "కానీ ఎంత బాగా నిలబడ్డావురా! ఇవాళ మావాడెవడూ అట్లా నిలబడలేదు."

దుస్తులు మార్చుకునే గదిలో ముఖ్తార్ మార్పిడి కాగితంతో నిలబడి ఉన్నాడు. తలెత్తలేదు.

"అన్నా, ఆరు కాకముందే పంపాలి. ఎక్కడో దక్షిణాన, గఫ్సాలో చిన్న క్లబ్బొకటి ఉంది. మే దాకా తీసుకుంటామన్నారు. రేపు పొద్దున్నే సాధనకి రమ్మన్నారు."

"పెన్నియ్యి."

"నేను మాట్లాడానన్నా, ఒట్టు..."

"తెలుసు. నీదేం తప్పు లేదులే."

సంతకం పెట్టాడు. కోపం వస్తుందేమోనని కాసేపు కూర్చుని చూశాడు. రాలేదు. ఏడుపూ రాలేదు. పట్టీలు కోసి చెత్తబుట్టలో వేసి, స్నానం చేసి, వీధిలో ఎవరి వంకా చూడకుండా ఇంటికి నడిచాడు.

సంగతి అతని కంటే ముందే ఇల్లు చేరింది. పక్కింటావిడ తమ్ముడు హాలులోనే ఉన్నాడట.

"సర్దుదామా? గఫ్సాకి ఆఖరి బండి దొరుకుతుంది," అన్నాడు నౌఫెల్.

రఫీకా బీరువా మీద నుంచి సంచి దింపింది. అతను మిగతా రెండు సంచులకి చెయ్యి చాచబోతే ఆపింది.

"ఒకటి చాలు," అంది.

అతనికి వెంటనే అర్థం కాలేదు. షిరాజ్ లెక్క మధ్యలో పెన్సిల్ ఆపి తలెత్తింది.

"పరీక్ష అయ్యేదాకా ఇక్కడే అన్నావుగా నాన్నా. మేం ఉంటాం."

పిల్ల గొంతులో నిష్ఠూరం లేదు. దెప్పినా బాగుండేదనిపించింది నౌఫెల్‌కి. ఏదో అనాలనుకుని, "మంచిది," అన్నాడు. రఫీకా అతని చొక్కాలు మడతపెట్టింది. మోకాళ్ళ మందు గుడ్డలో చుట్టి పైన పెట్టింది. గుమ్మం దగ్గర అతను ఎప్పటిలాగే తల వంచి బయటికి వెళ్ళాడు. బండిలో ముందు సీటు ఇచ్చారు. ఊరు దాటాక, ఎదురుగా ఏమీ లేని రోడ్డు మీద, పెళ్ళయ్యాక భార్యాబిడ్డలు లేకుండా తను మకాం మార్చడం ఇదే మొదటిసారని తోచింది. అప్పుడు బాధేసింది. డ్రైవరు రేడియో పెంచాడు.

చీకటి పడబోతుంటే తల్లీకూతుళ్ళు శనగల పులుసులో రొట్టె తుంచుకుని తిన్నారు. గిన్నెలు కడిగి రఫీకా పడకగదిలో దీపం వేసింది. అద్దెకు తీసుకున్న ఏ ఇంట్లోనూ అతనికి చాలిన మంచం లేదు. ఇక్కడా అంతే. మంచం చివర, పాదాలు ఆనించుకోవడానికి అతను వేసుకున్న పీట ఉన్నచోటే ఉంది. దాని మీద నాలుగు మడతలు పెట్టిన దుప్పట్లో పక్కపక్కనే రెండు మడమల గుంటలు.