నీళ్ళు తాగిన బీరువా

గట్టు తెగిన వరద వచ్చివెళ్ళిన మూడో ఎండాకాలం అది. నేను ఒక ప్లైవుడ్డు పడవని. ఆ ఎండల్లోనే పుట్టాను. అంతకుముందు బస్టాండు ఎదురుగా ఒక బట్టల కొట్లో అరల్ని. పదకొండేళ్ళు నా మీద చీరలు పేర్చారు. ఆడవాళ్ళు వచ్చి నలభై చీరలు కిందికి దింపించి, చివరికి మొదట చూసినదే కొనుక్కుని వెళ్ళేవారు. మనుషులకి ఏం కావాలో ముందే తెలుసు, ఒప్పుకోవడానికే అంతసేపు పడుతుంది. ఇది నేను అక్కడ నేర్చుకున్న చదువు. కొట్టు మూతపడ్డాక చిట్టబ్బాయి నన్ను రిక్షా మీద వేసుకుని లంకకి తెచ్చుకున్నాడు.

పేరు చిట్టబ్బాయే గాని డెబ్భై దాటాయి. రోజుకి పది మాటలు మాట్లాడితే ఎక్కువ. ఆయన వాటా మాటలు కూడా భార్య వేగాయమ్మే మాట్లాడేస్తుంది. గోదావరి పాయకి ఇవతల వీళ్ళ లంక. అవతల వేగాయమ్మ అక్క అచ్చాయమ్మ ఉండే లంక. కేకేస్తే వినపడేంత దూరం. వీళ్ళ తాటిదోనె వరదలో కొట్టుకుపోయింది. అవతలి రేవు కోతకి విరిగిపడి, పెద్ద పడవ ఆనడానికి చోటు లేకుండా పోయింది. అందుకని అప్పట్నుంచీ అక్కాచెల్లెళ్ళ కష్టసుఖాలన్నీ నీళ్ళ మీదుగానే.

"ఏం కూరొండేవే?"

"బీరకాయే అక్కా! నువ్వో?"

ఆ శనివారం వచ్చిన కేక మాత్రం వేరు.

"ఒసేయ్ వేగీ! గురువారం లాంచీ అంపుతారంట! మెట్టలో కాలనీకి తోలేత్తారంట మమ్మల్ని!"

అచ్చాయమ్మ లంకని ఏడాదికింత చొప్పున ఏరు తినేస్తోంది. ఈసారి వానలకి మిగలదని గవర్నమెంటు వాళ్ళు, రేవు లేకపోయినా లాంచీకి బల్లలు వేసి, అందరినీ లేవదీస్తున్నారు. కాలనీ నలభై మైళ్ళ దూరం. అచ్చాయమ్మకి మొగుడు పోయాడు, పిల్లలు లేరు. ఒక్కత్తీ వెళ్ళాలి.

వేగాయమ్మ మొగుడి వైపు తిరిగింది. "అది ఎల్లిపోయేలోగా ఆ ఇంట్లో దాని చేతి ముద్ద ఒక్కటి తినాలి మావా."

చిట్టబ్బాయి నా వైపు చూశాడు. అప్పటికి నా పలకలు కోసి, కట్టుతీగతో కుట్టి, పడవ ఆకారం తెచ్చాడంతే. సందులు పూడ్చలేదు, రంగు ముట్టలేదు. చేతిలో నాలుగు రోజులు.

అంతలో సరంగు బుల్లియ్య వచ్చాడు. ఒకప్పుడు లాంచీ నడిపిన మనిషి, పడవల విషయంలో ఆయన మాటకి తిరుగులేదు. నా పొట్ట మీద తట్టి, "ఏం బావా, బీరువాని గోదాట్లోకి దింపుతున్నావా? కోకలు కూడా సర్దకపోయావా!" అని పగలబడి నవ్వాడు. నవ్వి, "రంగెయ్యకముందు నీల్లు తాగించడం మర్చిపోకు" అన్నాడు.

ఆ పాయ మీద పుట్టినవాళ్ళందరికీ తెలిసిన పనే అది. కొత్త చెక్కపడవలో రాళ్ళు వేసి ఒక రోజు ముంచి ఉంచుతారు. పలకలు నీళ్ళు పీల్చి ఉబ్బి, ఒకదాన్నొకటి ఒత్తుకుని సందులు మూసుకుంటాయి. తాతలు చేశారు, తండ్రులు చేశారు. కాని వాళ్ళెవరూ ప్లైవుడ్డుతో చెయ్యలేదు. నా ఒళ్ళంతా పల్చటి పొరలు, జిగురు. చెబుదామంటే నాకు నోరు లేదు.

ఇద్దరు ముసలాళ్ళూ కలిసి ఎంతో భక్తిగా నన్ను ముంచారు.

ఆదివారం పైకి తీసేసరికి నా పొట్ట పెనం మీద అట్టులా బుడగలు లేచింది. అంచుల్లో పొరలు పాత పుస్తకం కాగితాల్లా విచ్చుకున్నాయి.

"నీల్లు తాగించమంటే సారా తాగినట్టుందేటి!" అని వేగాయమ్మ నెత్తి కొట్టుకుంది. "ఇంక నాకు అక్కా లేదు, పడవా లేదు." బుల్లియ్య తల గోక్కుంటూ నిలబడ్డాడు. చిట్టబ్బాయి ఆయన్ని తిట్టలేదు. ఉలి తీసి, "పట్టు" అన్నాడు.

ఇంక చూడండి, ఆ మూడు రోజులు నాకు జరిగిన మర్యాద! బోర్లించి రోహిణి ఎండకి పెట్టారు. గంటకోసారి వేగాయమ్మ అరచెయ్యి ఆనించి జ్వరం చూసినట్టు తడి చూసేది. ఉబ్బిన చోటల్లా చెక్కేసి, కొత్త ముక్కలు అతికారు. సోమవారం మధ్యాహ్నం సందులు పూడ్చే జిగురు, రెజిన్ డబ్బా విప్పారు. అందులో గట్టిపడే మందు కలిపితే పావుగంటకే రాయి అయిపోతుంది, కొంచెం కొంచెంగా కలుపుకోవాలి. తొందరలో బుల్లియ్య చెంబెడూ ఒకేసారి కలిపేశాడు. చెంబు వేడెక్కి పొగలు కక్కింది.

"బావా, అంటుకుంటంది బావో!"

"పూసెయ్!" అన్నాడు చిట్టబ్బాయి. ఆయన గొంతు అంత పెద్దదని నాకు అప్పుడే తెలిసింది. ఇద్దరూ చెరోవైపు నుంచి ఉరుకులు పెట్టే చేతులతో సందులన్నీ పూసేశారు. గాజు పోగులతో నేసిన గ్లాసు గుడ్డ పరిచి, మళ్ళీ పూశారు. మర్నాడు అంచులకి మూడు సార్లు రెజిన్ పట్టించి, సాయంత్రానికి రంగు వేశారు. ఏ రంగని అడిగితే వేగాయమ్మ తడుముకోలేదు. "పసుపు. అవతలొడ్డు నుంచి దానికి కనపడాల."

బుధవారం పొద్దున్న నన్ను దింపారు. రంగు ఇంకా చేతికి అంటుతూనే ఉంది. బుల్లియ్య ఒడ్డున దండం పెట్టుకుని నిలబడ్డాడు, ఏ దేవుడికో మరి. వేగాయమ్మ మజ్జిగ చెంబు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. చిట్టబ్బాయి తెడ్డు వేశాడు. నేను తేలాను! చీరల బరువు తప్ప ఎరగనిదాన్ని, గోదావరి మీద జారిపోతున్నాను!

నడిపాయలో వేగాయమ్మ కెవ్వుమంది. "మావా, కాళ్ళకింద తడి!"

చిట్టబ్బాయి తెడ్డు ఆపి, వంగి, వేలు ముంచి నాలిక్కి రాసుకున్నాడు.

"మజ్జిగ" అన్నాడు.

అవతలి ఒడ్డున అచ్చాయమ్మ మోకాలిలోతు నీళ్ళలోకి వచ్చేసింది. ఇద్దరూ వాటేసుకుని, చెల్లెలి చీరకంటిన నా పసుపు రంగు ఇద్దరూ పూసుకుని, ఏడుస్తున్నారో నవ్వుతున్నారో నాకు తేల్లేదు. ఇంటికి కప్పు లేదు. వాసాలు అప్పటికే విప్పి తాళ్ళతో కట్టేసి ఉంచింది. మొండిగోడల మధ్యనే పొయ్యి వెలిగించి, వండి, చెల్లెలికి ముద్ద పెట్టింది. చిట్టబ్బాయి తిని, చెయ్యి కడుక్కుని, వాసాల్ని జానలతో కొలిచాడు.

"దేనికి మరిదీ?" అంది అచ్చాయమ్మ. ఆయన ఇంకో వాసం కొలిచాడు.

తిరుగుదారంతా వేగాయమ్మ వెనక్కి తిరిగి అక్క ఒడ్డునే చూస్తూ కూర్చుంది.

మర్నాడు పొద్దున్నే, లాంచీ రాకముందే, చిట్టబ్బాయి గడ్డపార తీసుకుని దొడ్లో, ఆ వాసాల కొలతకి సరిపోయేలా, ఇంకో ఇంటి నాలుగు స్తంభాలకి నాలుగు గుంటలు తవ్వాడు. తవ్వి, నన్ను నీళ్ళలోకి తోశాడు. వేగాయమ్మ పరుగున వచ్చి నాలోకి కాలు పెట్టింది.

"దిగు" అన్నాడు. "వాసాలకి చోటు కావాలి."